రెండు కిలోల జాగ్రత్త

చందూర్,
5 ఆగస్టు 2025.

మంజీర కబడ్డీ సమాఖ్య అధ్యక్షులు శ్రీ రాజేందర్ గారికి,

నోరారా అన్నా అని పిలిచే మనిషికి ఇట్లా రాయాల్సి వచ్చింది. మీకు ఆ కుర్చీ తప్ప వేరే చుట్టరికం గుర్తున్నట్టు లేదు, అందుకని కుర్చీకే రాస్తున్నాను.

నిన్నటి పేపరు చూశాను. పోయిన నెల బోధన్ ఎంపిక పోటీల్లో పడిపోయిన మా బడి పిల్ల లత గురించి మీరిచ్చిన ప్రకటన కూడా చూశాను. "సదరు క్రీడాకారిణి ఎవరికీ చెప్పకుండా, మొండితనంతో తిండి మానేసింది. ఇందులో సమాఖ్యకు ఎలాంటి సంబంధం లేదు." పదిహేనేళ్ల పిల్లది మొండితనమా? ఒకటిన్నర రోజు చుక్క నీళ్లు ముట్టకుండా, ఆ ఉక్కపోతలో చెమట కారాలని రెయిన్‌కోటు తొడుక్కుని మైదానం చుట్టూ పరుగెత్తింది. తూకం దిగి నాలుగడుగులు వేసి కుప్పకూలింది. కిడ్నీలు దెబ్బతిన్నాయి. నిజామాబాద్‌లో ఆరుసార్లు డయాలిసిస్ చేసి, ఇక జన్మలో కబడ్డీ ఆడకూడదని చెప్పి ఇంటికి పంపారు. అన్ని రోజుల్లో మీరు ఒక్కసారైనా ఆసుపత్రి మెట్లు ఎక్కలేదు.

వాళ్లమ్మ హన్మవ్వకు చదువు రాదు. పక్కింటివాళ్లు పేపరు చదివి వినిపించారట. బడికొచ్చి నా ముందర నేల మీద కూర్చుంది. "నా బిడ్డ గంత మొండిదా టీచరమ్మా? బరువు ఎక్కువుంటె ఆడనియ్యరని ఏడ్సింది, గందుకే తినలే. నేను కూలికి పోయొచ్చెటాలకు అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండె" అంది. నాకు జవాబు దొరకలేదు.

పద్దెనిమిదేళ్లుగా ఆ కుర్చీ మీదే. పిల్లలు గెలిచినప్పుడు ఫొటోలో మధ్యన నిలబడేది మీరు, పిల్ల పడిపోతే మాత్రం తప్పు పిల్లది. మీరు దిగిపోవాలి. ప్రకటన వెనక్కి తీసుకోవాలి. లేదంటే కోచ్‌లందరి సంతకాలతో సర్వసభ్య సమావేశం పెట్టిస్తాను.

జ్యోతిరాణి,
వ్యాయామ ఉపాధ్యాయిని


కంఠేశ్వర్, నిజామాబాద్,
12 ఆగస్టు.

జ్యోతీ,

నీ స్పీడ్ పోస్టు సరిగ్గా రాఖీ నాడు వచ్చింది. మీ వదిన కవరు తడిమి చూసి, "జ్యోతి రాఖీ పంపింది" అని పసుపు కుంకుమల పళ్లెం తెచ్చిపెట్టింది. విప్పి చదివాను. పళ్లెం లోపల పెట్టెయ్యమన్నాను. ఆడబిడ్డ ఇట్లాంటి కానుక పంపుతుందని దానికేం తెలుసు?

ఫోన్ చేద్దామంటే భయం. పోయిన నెల నేను ఫోన్‌లో అన్న మాటను రికార్డు చేసి కోచ్‌ల వాట్సాప్ గ్రూపులో పెట్టావు. "పిల్ల బతికింది గదా, ఇంకేం లొల్లి" అన్నాను, కాదనను. పొద్దున లేచిన దగ్గర్నుంచి పదిమంది పీక్కుతింటుంటే నోరు జారింది. దాని ముందు మాటా వెనక మాటా కోసేసి ఆ ఒక్క ముక్కే అందరికీ వినిపించావు. తోడబుట్టినదాన్ని నమ్మి మాట్లాడినందుకు నాకు తగిన శాస్తే జరిగింది. ఇక మీదట నీకు ఏం చెప్పినా కాగితం మీదే.

నన్ను దిగమంటున్నావు. ఎవరికోసం దిగాలి? ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని కూత పెడతారా అని ఊరంతా పళ్లికిలించినప్పుడు నిన్ను సైకిల్ మీద ఎక్కించుకుని వర్ని దాకా తీసుకుపోయిందెవరు? ఈ చుట్టుపక్కల మొట్టమొదటి మ్యాట్ ఎవరి కాళ్లు పట్టుకుంటే వచ్చింది? నేను లేస్తే ఆ కుర్చీలో కూర్చోవడానికి కాచుకుని ఉన్నవాడు బార్లు నడుపుకునే మనిషి. మ్యాట్‌కు ఏది పైవైపో ఏది కిందివైపో వాడికి తెలియదు. ఆడపిల్లల జట్టును వాడి చేతుల్లో పెట్టమంటావా? నీ సంతకాల వెనక ఎవరున్నారో నాకు తెలియదనుకోకు.

ప్రకటనలో సమాఖ్యకు సంబంధం లేదన్నాను. లేదు కాబట్టే అన్నాను. సమావేశం పెట్టించుకో. కోచ్‌ల జాబితాలో నీ పేరు ఎన్నాళ్లుంటుందో కూడా చూసుకో.

రాజేందర్


చందూర్,
24 ఆగస్టు.

రాజేందర్ గారూ,

బెదిరింపు అందింది. జాబితాలో నా పేరు కొట్టెయ్యండి, దానికోసం మీ గుమ్మం ముందు నిలబడను. నా వెనక బార్ల మనిషీ లేడు, ఇంకో మనిషీ లేడు. మీకు ఎదురు మాట్లాడే ప్రతివాడూ అమ్ముడుపోయినవాడే అనుకోవడం కుర్చీలో ఎక్కువ రోజులు కూర్చున్నవాళ్లకు పట్టుకునే రోగం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మొన్న లత ఆసుపత్రి కాగితాలు తీసుకొచ్చాను. చేర్చుకున్న వెంటనే తూచిన బరువు అందులో ఉంది. యాభై ఒక్క కిలో. దానికి గంట ముందు బోధన్ మైదానంలో మీ కాటా మీద యాభై మూడు ఉంది. గంటలో మనిషి రెండు కిలోలు తగ్గుతుందా?

బోధన్ పోయి మీ కార్యదర్శి ముష్తాక్‌ను అడిగాను. ఆఖరికి, "మేడం, కాటా యెనక మర ఉంటది గదా. రెండు కిలోలు ఎక్కువ సూపిచ్చేటట్టు తిప్పమని సార్ చెప్పిండు. నాలుగేండ్ల సంది గట్లనే ఉన్నది. అల్లా కసం, పిల్లల మంచికే అన్నడు సార్" అన్నాడు.

ఇది పిల్లల మంచికా? మన విభాగంలో హద్దు యాభై ఐదు కిలోలు. ఎంపికకు పది రోజుల ముందు మీ కాటా లత బరువు యాభై ఆరు చూపించింది. అంటే అసలు బరువు యాభై నాలుగు. ఆ పిల్ల ఒక్క గ్రాము కూడా తగ్గాల్సిన పని లేదు! కడుపు నిండా తిని, నీళ్లు తాగి, నవ్వుతూ వచ్చి ఆడొచ్చు. నాలుగేళ్లుగా ఎంతమంది పిల్లల కడుపులు మాడ్చారు మీరు? కూలి చేసుకునేవాళ్ల పిల్లలని కాదూ మీకు అంత ధైర్యం?

ఇంత చేసి మొండితనమని పేపరుకెక్కిస్తారా? సిగ్గుండాలి. మీరు దిగిపోవడం గురించి నేను ఇక అడగను. ఈ కాగితం పట్టుకుని సమావేశంలో నేనే దింపుతాను.

జ్యోతిరాణి


కంఠేశ్వర్,
2 సెప్టెంబరు.

జ్యోతీ,

అవును, తిప్పించాను. ముష్తాక్‌ను ఏమీ అనకు, వాడు నేను చెప్పింది చేశాడు.

నాలుగేళ్ల కింద సుష్మ అనే పిల్లను రాష్ట్ర పోటీల్లో మూడు వందల గ్రాములు ఎక్కువుందని వెనక్కి పంపింది మరిచిపోయావా? మన దగ్గర సరిగ్గా హద్దు మీద తూగింది. అక్కడి కాటా వేరేగా చెప్పింది. తిరుగు బస్సులో నీ ఒళ్లో తల పెట్టుకుని దారి పొడుగునా ఏడ్చింది. ఆ రోజే అనుకున్నాను, ఇంకో పిల్లను అట్లా తీసుకురానని. మన కాటా కాస్త ఎక్కువ చూపిస్తే పరాయి కాటా దగ్గర పిల్లలు గట్టెక్కుతారనుకున్నాను.

ఇది నాకు ఎక్కడినుంచి వచ్చిందో నీకు వేరే చెప్పాలా? బాపు చెరుకు బండి తోలుకుని బెల్లం వ్యాపారి దగ్గరికి పోతే, అక్కడి కాటా ఎప్పుడూ తక్కువే చూపేది. ఇంటి దగ్గర కట్టేటప్పుడే బాపు రెండు మోపులు ఎక్కువ కట్టేవాడు. "కాటా మందిది బిడ్డా, మన జాగ్రత్తల మనం ఉండాలె" అనేవాడు. మనిద్దరం ఆ మోపుల మీద కూర్చునే పోయేవాళ్లం. కాటా తిప్పిన సంగతి చెప్తే పిల్లలు మళ్లీ పాత బరువుకే వస్తారని ఎవరికీ చెప్పలేదు.

నాది తప్పని నువ్వన్నావు. సరే. ఇప్పుడు నేనొకటి అడుగుతాను.

నా కాటా మీద ఆ పిల్ల దిగాల్సింది యాభై ఆరు నుంచి యాభై ఐదుకు. ఒక్క కిలో. పది రోజుల్లో ఒక్క కిలోకు ఏ పిల్లా చావు దాకా పోదు. కానీ ఎంపిక రోజు రిజిస్టరులో ముష్తాక్ రాసింది యాభై మూడు. మిగతా రెండు కిలోలు ఎవరికోసం తగ్గింది? నేను కలిసి కూడా ఎరగని పిల్లకు యాభై మూడు అనే అంకె ఎవరు చెప్పారు?

రెండు ఉత్తరాలు రాశావు. తిట్టాల్సినవన్నీ తిట్టావు. ఈ ఒక్క ముక్క రెండింట్లోనూ లేదు. నాకు తెలియదనుకున్నావా, లేక నీకే గుర్తు లేదా? సమావేశంలో కాగితం చదివేటప్పుడు ఇది కూడా చదువు.

రాజేందర్


చందూర్,
20 సెప్టెంబరు.

అన్నా,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. నాలుగుసార్లు జవాబు రాసి చించేశాను.

నేనే చెప్పాను. "హద్దు యాభై ఐదు, కానీ నువ్వు యాభై మూడుకు దిగు" అని లతకు చెప్పింది నేనే. రాష్ట్ర పోటీల కాటాను నమ్మొద్దనుకున్నాను. సుష్మ నా ఒళ్లో ఏడ్చిందని నువ్వే రాశావు కదా, ఆ రోజు నేనూ అదే అనుకున్నాను. నువ్వు కాటా తిప్పి పెట్టావని నాకు తెలియదు. నేను రెండు కిలోలు ముందే తగ్గిస్తున్నానని నీకు తెలియదు. ఒక్క తండ్రికి పుట్టిన ఇద్దరం చెరో పక్కన చేరి ఆ పిల్లను ఎండగట్టాం.

తిండి మానమని నేను చెప్పలేదు. నీళ్లు తాగొద్దని చెప్పలేదు. కానీ ఆ రోజు పొద్దున రెయిన్‌కోటులో పరుగెత్తుతుంటే చూశాను. పెదాలు పగిలి ఉన్నాయి. ఆపలేదు. ఇంకో అరకిలో దిగితే చాలులే అనుకున్నాను. ఇది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది. హన్మవ్వ నా ముందర కూర్చుని అడిగినప్పుడు జవాబు లేక కాదు నేను నోరు మూసుకుంది. నిన్ను తిట్టినంతసేపూ నాది ఎవరూ అడగరని ధైర్యంగా ఉండేది.

అయినా నీమీద కోపం తగ్గలేదు. నా తప్పు తేలితే నీ తప్పు మాసిపోతుందనుకోకు. అధ్యక్షుడివి నువ్వు. కాటా నీది. ప్రకటన నీది.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. లత తినడం లేదు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ రెండు ముద్దలు మింగి పళ్లెం తోసేస్తోంది. ఇట్లాగే ఉంటే మళ్లీ చేర్చాలని, ఈసారి చెప్పలేమని డాక్టరు అన్నాడు. నిన్న పక్కన కూర్చుని బతిమాలాను. "నేను ఇంక బరువే ఉన్ననా టీచర్?" అని అడిగింది. చేతులు చూస్తే పుల్లల్లా ఉన్నాయి. తను లావు కావడం వల్లే ఇదంతా జరిగిందని ఆ పిల్ల నమ్ముతోంది. నీ ప్రకటన దాన్ని ఖాయం చేసింది.

దిగిపో అన్నా. ఎందుకు దిగుతున్నావో నలుగురికీ చెప్పి దిగు. అప్పుడైనా ఆ పిల్ల నమ్ముతుందేమో. నా సంగతి నేను మా హెడ్‌మాస్టరుకు రాసి ఇస్తున్నాను.

జ్యోతి


కంఠేశ్వర్,
6 అక్టోబరు.

జ్యోతీ,

పేపరు ముక్క జత చేస్తున్నాను. నీ సమావేశం దాకా పోనీయకుండా, మొన్న దసరా కాగానే రాజీనామా ఇచ్చేశాను. ముష్తాక్ ఏడ్చాడు. బార్ల మనిషి స్వీట్లు పంచాడు. ఆ రెండూ చూసి ఇంటికొచ్చాను.

నీ పంతం నెగ్గింది. పద్దెనిమిదేళ్ల పని నాలుగు వాక్యాల్లో అయిపోయింది. ఇక నన్ను వదిలెయ్యి. నువ్వు చేసింది నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. చెప్పి ఉంటే సమావేశంలో నీ సంతకాల కాగితం చిత్తుకాగితం అయ్యేది. అది గుర్తుంచుకో.

రాజేందర్


చందూర్,
12 అక్టోబరు.

అన్నా,

పేపరు ముక్క నువ్వు పంపకముందే చూశాను. "ఆరోగ్య కారణాల రీత్యా" అని ఉంది. నీకేం రోగం? పొద్దున్నే లేచి కంఠేశ్వర్ నుంచి కలెక్టరేట్ గ్రౌండు దాకా నడిచొచ్చే మనిషివి.

నా సంగతి దాచిపెట్టి ఏదో మేలు చేసినట్టు రాశావు. నాకా మేలు వద్దు. నేను హెడ్‌మాస్టరుకు మొత్తం రాసి ఇచ్చాను. మెమో వచ్చింది. సస్పెన్షన్ కూడా వస్తుందంటున్నారు, రానీ.

నిన్న లత ఇంటికి పోయాను. ఆ పేపరు వాళ్లింటి గూట్లో ఉంది. లత చదివింది. ఏమందో తెలుసా? "సార్‌కు పానం బాగలేదట గదా టీచర్. నాతోనే లొల్లయ్యి గట్లయ్యిందా?" అంది. నీ జబ్బు కూడా ఆ పిల్ల తన నెత్తినే వేసుకుంది అన్నా! తిండి మానేసి తనే పడిపోయింది, తన వల్ల ఊరంతా లొల్లి అయింది, తన వల్ల పెద్దసారు మంచం పట్టాడు. ఇదీ ఆ పిల్ల లెక్క. నిన్న ఒక్క ముద్ద కూడా ముట్టలేదు.

నాకు ఎంత కోపం వచ్చిందంటే, నువ్వు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో. దిగిపొమ్మన్నది నిన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికా? కుర్చీ వదిలావు గానీ అబద్ధం వదల్లేదు. నువ్వు కుర్చీలో ఉన్నా ఒకటే, దిగినా ఒకటే అయింది ఆ పిల్లకు.

నేను చెబుతాను, నాది చెబుతాను. కానీ కాటా సంగతి నేను చెబితే ఓదార్చడానికి కల్పించి చెప్పాననుకుంటుంది. అది నీ నోటితో రావాలి. వచ్చి చెప్పు.

జ్యోతి


కంఠేశ్వర్,
19 అక్టోబరు.

జ్యోతీ,

రాలేను. బస్టాండు దాకా రెండుసార్లు పోయాను. రెండోసారి బస్సు ఎక్కి కూర్చుని, బయలుదేరేముందు దిగిపోయాను. ఆ తల్లి ముందర ఎట్లా నిలబడాలో తెలియడం లేదు. నన్ను తిట్టుకో, నీ ఇష్టం. నువ్వు తిట్టనివి ఇంకేం మిగిలాయి గనుక.

కింద రాసింది చింపి, లతకు చదివి వినిపించు. ఇదే సంగతి సంతకం పెట్టి పేపరుకు కూడా పంపాను. వేస్తారో లేదో వాళ్ల ఇష్టం.

లతా బిడ్డా,

నేను రాజేందర్ సార్‌ను. నాకు ఏ జబ్బూ లేదు. పేపర్లో అబద్ధం చెప్పాను. నీ గురించి అంతకుముందు చెప్పింది అంతకన్నా పెద్ద అబద్ధం. నువ్వు మొండిదానివి కావు. నువ్వు బరువు ఎక్కువ ఉన్నదానివి కూడా కావు. బోధన్‌లో ఉన్న కాటా తప్పు చూపింది. రెండు కిలోలు ఎక్కువ చూపించేట్టు దాన్ని తిప్పించింది నేను. నీ అసలు బరువు యాభై నాలుగు. హద్దు యాభై ఐదు. నువ్వు మొదటి రోజు నుంచీ హద్దులోనే ఉన్నావు. తప్పు నాది. అన్నం తిను బిడ్డా.

రాజేందర్


చందూర్,
27 అక్టోబరు.

అన్నా,

నిన్న ఆదివారం పోయాను. హన్మవ్వను కూడా కూర్చోబెట్టి, ముందు నాది చెప్పాను. తర్వాత నీ కాగితం చదివాను. మధ్యలో వరుస తప్పింది. మళ్లీ మొదటి నుంచి చదివాను.

హన్మవ్వకు మొదట నేనేం చెబుతున్నానో అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి, "సదువుకున్నోళ్లని నమ్మి అప్పజెప్తిని. మీ అన్నసెల్లెండ్లు ఇద్దరు కలిసి నా బిడ్డను ఎండవెట్టిండ్రు. నువ్వు లెవ్వు, నా ఇంట్ల కెల్లి లెవ్వు" అంది. లేచాను. అనాల్సిన మాటే అంది.

గడప దగ్గర ఉండగా లత పిలిచింది. "టీచర్, గట్లయితె నేను మంచిగ తినుకుంట గూడ ఆడుతుంటి గదా?"

అవునన్నాను. ఇంత కాలంలో నన్నెవరూ ఇంత గట్టిగా కొట్టలేదు, నువ్వు కూడా.

లత నా చేతిలోంచి నీ కాగితం లాక్కుంది. తనే ఒకసారి చదువుకుంది, పెదాలు కదిలిస్తూ. మూడు నెలలుగా ఎవరేం చెప్పినా తల వంచుకుని ఊ కొడుతున్న పిల్ల, ముఖమంతా ఎర్రబడి, ఆ కాగితాన్ని ఉండ చుట్టి నా మీదికి విసిరింది. "గీ కాయితం నాకెందుకు? సార్‌ను ఈడికే రమ్మను. నా మొకం సూసి చెప్పమను" అని అరిచింది. వాళ్లమ్మ వైపు తిరిగి అదే గొంతుతో, "అన్నం పెట్టవే" అంది.

పళ్లెం ఖాళీ అయ్యేదాకా నేను గడప బయటే నిలబడ్డాను. తిన్నంతసేపూ ఏడుస్తూ నిన్నూ నన్నూ తిడుతూనే ఉంది.

నువ్వు రా.

జ్యోతి